ఐసు మీద బిళ్ళ

గార్లదిన్నె పక్క పల్లెలో పుట్టిన సుంకప్పకు బడి చదువు అబ్బలేదు. వాళ్ల నాయన వానను నమ్మి వేరుశనగ వేసేవాడు. వాన ఎగ్గొట్టిన ఏడల్లా కొడుకును తీసుకుపోయి బోరు మోటార్లు బాగుచేసే షెడ్డులో కూర్చోబెట్టేవాడు. ఎండలో ఊరికే తిరగడం కన్నా నీడపట్టున నాలుగు బోల్టులు విప్పడం మేలని ఆయన లెక్క. అట్లా వాన రాని ఏళ్లన్నీ కలిసి సుంకప్పను మెకానిక్కును చేశాయి.

మీసం మొలిచే వయసుకు అనంతపురం వచ్చి, ఐసు ఫ్యాక్టరీలో తిప్పయ్య మేస్త్రీ దగ్గర చేరాడు. తిప్పయ్య నోటితో నేర్పే మనిషి కాదు. రాగి గొట్టాన్ని మంటతో అతికేటప్పుడు శిష్యుణ్ణి పక్కన నిలబెట్టుకుని, అయ్యాక "చూసినావా?" అనేవాడు. చూశానంటే "అయితే చెయ్" అనేవాడు. అతుకు దగ్గర గ్యాసు కారితే తిట్టకుండా దాన్ని కోసి అవతల పారేసేవాడు. తిట్టినా బాగుండేదని సుంకప్పకు అనిపించేది.

ఇప్పుడు సుంకప్పకు యాభై దాటాయి. పాతూరులో సొంత రేకుల షెడ్డు ఉంది. స్క్రూడ్రైవర్ మొన కంప్రెసర్ మీద ఆనించి పిడి చెవికి పెట్టుకుంటే లోపల ఏది అరిగిందో చెప్పేస్తాడు. "బాగా చేస్తావా అన్నా?" అని అడిగే గిరాకీతో "చేసినంక చూడప్పా" అంటాడు. అంతకుమించి మాట్లాడడు. ఊళ్లో మాత్రం సుంకప్ప చెయ్యి పడితే మిషను మళ్లీ మొరాయించదని పేరు.

తిప్పయ్య పోయి చాలా కాలమైంది గానీ ఆయన అలవాట్లు శిష్యుడి దగ్గర అట్లాగే ఉన్నాయి. ఆయుధపూజ అందులో పెద్దది. మహర్నవమి నాడు పనిముట్లన్నీ కడిగి, తుడిచి, నూనె పూసి, గుడ్డ పరిచి దాని మీద వరసగా పెట్టి పసుపు కుంకుమ పెట్టాలి. మిషన్లన్నీ ఆపాలి. దశమి పొద్దున పూజ కదిలించేదాకా దేన్నీ ముట్టుకోకూడదు. ఆ ఒక్క రోజు ఐసు ఫ్యాక్టరీ కూడా నోరు మూసుకునేది. "ఏడాదంతా మనకు కూడు పెడ్తాండాయి. ఒక దినము పండుకోనీయప్పా" అనేవాడు తిప్పయ్య.

ఐసు మీద బిళ్ళ పెట్టడం కూడా ఆయన దగ్గర నేర్చుకున్నదే. చిన్న గ్లాసులో నీళ్లు గడ్డకట్టించి, ఆ ఐసు మీద ఒక రూపాయి బిళ్ళ పెట్టి ఫ్రీజరులో ఉంచాలి. మనం లేనప్పుడు కరెంటు పోయి లోపలంతా కరిగితే బిళ్ళ నీళ్లలో మునిగి అడుక్కు పోతుంది. కరెంటు వచ్చి మళ్లీ గడ్డకట్టినా అది అడుగునే ఉండిపోతుంది. మనిషి దాచినా బిళ్ళ దాచదు.

ఊరి బయట బెంగళూరు రోడ్డు మీద ఒక ప్రైవేటు కాలేజీ ఉంది. అందులోని పరిశోధన ల్యాబులో ఫ్రీజర్లు, ఏసీలు చూసుకునే పని సుంకప్పది. అక్కడి రెండు ఫ్రీజర్లలోనూ ఐసు గ్లాసులు అతను పెట్టినవే. పది రూపాయల బిళ్ళలు కూడా అతని జేబులోవే. ల్యాబులో అందరికన్నా ఎక్కువగా ఆ కిటుకుకు మురిసిపోయింది చౌడేశ్వరి.

చౌడేశ్వరి ధర్మవరం నేతగాళ్ల బిడ్డ. కాలిన గాయాల మీద చర్మం మళ్లీ ఎట్లా పుడుతుందన్నది ఆమె పరిశోధన. గాజు పళ్లేల్లో చర్మపు కణాలను పెంచుతుంది. ఒకసారి బెంగళూరు నుంచి పెద్ద థర్మకోల్ పెట్టె వచ్చింది. విప్పితే ఐసు, ఐసు కింద మళ్లీ ఐసు, ఆ నడుమ బొటనవేలంత సీసా. సీసా అడుగున కనీ కనపడని తెల్లపొడి.

"దీనికోసమా పాపా ఇంత పెట్టె?" అన్నాడు సుంకప్ప.

"దీనికోసమే అన్నా. రీకాంబినెంట్ హ్యూమన్ గ్రోత్ ఫ్యాక్టర్ అంటారు. మనిషి ఒంట్లో ఉండే ప్రోటీనే. గాయమైతే చుట్టూ ఉండే కణాలకు 'లేయండి, పెరగండి' అని చెప్పేది ఇదే."

"అయితే మనిషి ఒంట్లో నుంచి తీసినారా?"

"లేదన్నా. దాన్ని చేసే సూత్రం మనిషి కణంలో ఉంటాది గదా, ఆ సూత్రాన్ని తెచ్చి ఒక సూక్ష్మజీవిలో పెడ్తారు. అది తన పనే అనుకొని మనిషి సరుకు చేసి పెడ్తాది. దాన్ని శుద్ధి చేసి ఇట్ల సీసాలో పోస్తారు."

సుంకప్ప కాసేపు ఆలోచించి "అంటే మగ్గం దానిది, డిజైను మనది" అన్నాడు.

చౌడేశ్వరి పకపకా నవ్వింది. "అచ్చం మా నాయన మాదిరే చెప్పినావు. పళ్లెంలో కణాలకు తిండి, నీళ్లు అన్నీ ఉంటాయి. అయినా ఇది లేకుంటే లేయవు. మీ చేన్లో విత్తనం ఉండాది, ఎరువు ఉండాది, తడి పదును లేకుంటే ఏమైతాది?"

"మట్టిలో మట్టి అయితాది."

"అదే. ఇది వాటికి పదును వాన."

ఆ మాట సుంకప్పకు పట్టేసింది. పదును కోసం మొగులు వైపు చూస్తూ కూర్చున్న నాయన అతనికి బాగా గుర్తు. పొడిని ద్రవంలో కలిపి, చిటికెన గోరంత గొట్టాల్లోకి బొట్టు బొట్టుగా పంచి, నీలం మూత డబ్బాలో సర్ది ఫ్రీజరులో పెట్టేదాకా అతను పక్కనే నిలబడి చూశాడు. తర్వాత కొన్నాళ్లకు ఆమె మైక్రోస్కోపులో చూపించింది కూడా. పళ్లెం నిండా కణాలు, తొలకరి తర్వాత గడ్డి మొలిచినట్టు.

దసరా సెలవులు వచ్చాయి. ధర్మవరం బయల్దేరుతూ చౌడేశ్వరి తాళాలు అతనికి ఇచ్చింది.

"అన్నా, పెద్ద ఫ్రీజరులో ఐసు గుహ మాదిరి పెరిగింది. ఆపి కడిగెయ్. డబ్బాలన్నీ చిన్నదాంట్లోకి మార్చు. నీలం మూత డబ్బా మాత్రం పసిబిడ్డను పట్టుకున్నట్టు పట్టుకో."

"పట్టుకుంటాలే పాపా. నువ్వు పోయి కడుపునిండా ఓళిగలు తిను."

చెప్పినట్టే చేశాడు. పండగ ముందురోజు డబ్బాలన్నీ ఒక్కటీ తడవకుండా చిన్న ఫ్రీజరులోకి మార్చాడు. పెద్దదాన్ని ఆపి, ఐసు కరిగించి, కడిగి, తుడిచి అద్దంలా చేశాడు. మహర్నవమి పొద్దున షెడ్డులో పూజ ముగించుకుని ల్యాబుకు వచ్చి దాని తలుపు మీద కుంకుమ బొట్టు పెట్టాడు. చిన్నదానికీ పెట్టాడు. అది గుర్రుమని పని చేస్తూనే ఉంది.

సుంకప్పకు అది బాగనిపించలేదు. జతలో ఒక ఎద్దును కట్టేసి, రెండోదానికి కాడి వేసినట్టుంది. తలుపు తెరవకపోతే చలి రోజంతా ఎక్కడికీ పోదని ఐసు ఫ్యాక్టరీలో అతనికి అనుభవమే. రేపు పొద్దున్నే వచ్చి వేస్తే సరి. బొట్టు పెట్టిన చేత్తోనే దాని స్విచ్చి ఆపాడు. దండం పెట్టుకున్నాడు. తాళం వేసి వెళ్లిపోయాడు.

ఐసు ఫ్యాక్టరీ గది గోడ నుంచి గోడకు ఐసుతో కిక్కిరిసి ఉండేది. ఈ ఫ్రీజరు సగం ఖాళీ. పైగా దీని తలుపు రబ్బరు ఒక మూల వదులైంది. మార్చాలని అనుకున్నది కూడా తనే. ఏసీ ఆపి మూసేసిన గదిలో అనంతపురం ఎండ ఎట్లా ఉంటుందో తెలియనివాడేమీ కాదు. ఇవన్నీ అతనికి విడివిడిగా తెలుసు. పండగ పూట మాత్రం ఒకచోటికి రాలేదు.

దశమి పొద్దున తలుపు తెరిస్తే మొహానికి చలి తగల్లేదు. తడి వాసన వచ్చింది. అడుగున నీళ్లు నిలిచి ఉన్నాయి. గ్లాసులో బిళ్ళ మునిగి, అడుగున తళతళలాడుతోంది. నీలం మూత డబ్బా తీశాడు. గోరంత గొట్టాలన్నిటిలోనూ నీటి బొట్లు అటూ ఇటూ కదులుతున్నాయి.

గబగబా స్విచ్చి వేశాడు. ఒక గొట్టాన్ని వెలుతురుకు పట్టుకుని చూశాడు. తేటగా ఉంది. చెడిన వాసన లేదు, రంగు మారలేదు. పాలు విరిగితే తెలుస్తుంది, మాంసం కుళ్లితే తెలుస్తుంది. ఇది ఉత్త నీళ్లలాగే ఉంది. నీళ్లు కరిగితే మళ్లీ గడ్డకడతాయి, దాంట్లో పోయేదేముంది అనుకున్నాడు. అనుకుంటూనే వేళ్లతో గ్లాసులో బిళ్ళను బయటికి తీశాడు. చొక్కాకు తుడిచి జేబులో వేసుకున్నాడు.

నీళ్లు గడ్డకట్టేదాకా స్టూలు మీద అక్కడే కూర్చున్నాడు. ఎండ నడినెత్తికి వచ్చి దాటింది. గొట్టాల్లో బొట్లు మళ్లీ తెల్లటి పూసలయ్యాయి. గ్లాసులో ఐసు గట్టిపడింది. జేబులోని బిళ్ళ తీసి ఐసు మీద, నట్టనడుమ పెట్టాడు. చెయ్యి వణకలేదు. తర్వాతి నెలల్లో తల్చుకున్నప్పుడల్లా అతన్ని కాల్చింది అదే. అంత నింపాదిగా చేశాడు.

దసరా తర్వాత చౌడేశ్వరి కణాలు పెరగడం మానేశాయి.

పళ్లెంలో వేసినవి వేసినట్టే పడి ఉండేవి. నాలుగు రోజులు చూస్తే ముడుచుకుని తేలిపోయేవి. ఆమె తిండి ద్రవం మార్చింది. పళ్లేలు మార్చింది. కణాలు కొత్తవి తెప్పించింది. ప్రోటీన్ బొట్టు ఒక్కటే మార్చలేదు, దసరా ముందు అదే సీసాతో అంత బాగా పెరిగాయి కదా. అట్లా కార్తీకం పోయింది, సంక్రాంతి పోయింది. ధర్మవరానికి ఫోన్ చేసినప్పుడు "బాగుండా నాయనా" అని చెప్పి పెట్టేసేది. సుంకప్ప అది వినేవాడు.

ఒకరోజు అతను నిచ్చెన మీద నిలబడి ఏసీ జాలీ విప్పుతుంటే, కింద ఆమె గైడు జయరామయ్య సారు వచ్చి పళ్లేలు చూశాడు. ఆయన కోపిష్టి కాదు. అరిచి ఉంటే సుంకప్పకు కాస్త తేలికయ్యేదేమో.

"ఫ్రీజరు సరిగా ఉందా?"

"ఉంది సార్. బిళ్ళ పైనే ఉంది. రోజూ చూస్తాండా."

"సీసా అదే, పద్ధతి అదే. మందులన్నీ మార్చి చూసినావు. ఇంక మిగిలింది నీ చెయ్యే గదా, చౌడేశ్వరీ."

నిచ్చెన మీద నుంచి ఒక స్క్రూ జారి గచ్చు మీద టింగుమని పడింది. చౌడేశ్వరి వంగి ఏరి అతని చేతికి అందించింది.

సారు వెళ్లాక సుంకప్ప దిగి, తుడుచుకున్న చేతులే మళ్లీ తుడుచుకుంటూ అడిగాడు. "పాపా, ఆ నీలం డబ్బాలోది... ఒకసారి కరిగి మళ్లా గడ్డకడితే ఏమైతాది?"

"పాడైతాదన్నా."

"చూసేకి అట్లే ఉంటాదేమో గదా?"

"చూసేకి అట్లే ఉంటాది. ప్రోటీన్ అంటే మడత పెట్టిన పట్టుచీర అనుకో. ఆ మడత ఉంటేనే అది పని చేస్తాది. వేడికి ఆ మడత విడిపోతే మళ్లా గడ్డకట్టించినా అదే మడత పడదు. చీర ఉంటాది, మడత ఉండదు. ఎందుకు అడుగుతాండావు?"

"ఊరికే."

"ఆ భయం మనకు లేదులే. నీ బిళ్ళ కాపలా ఉండాది గదా!" అని నవ్వింది.

అంతవరకు సుంకప్పకు ఉన్నది అనుమానం. ఆ పూటతో అది తెలిసిన సంగతి అయింది. ఇన్నేళ్లలో అతని చేతిలో బాగుపడని వస్తువు లేదు. కాలిన మోటారుకు కొత్త తీగ చుట్టవచ్చు, పగిలిన గొట్టాన్ని అతకవచ్చు. గోరంత గొట్టంలో విడిపోయిన మడతను తిరిగి వేసే పనిముట్టు ప్రపంచంలో లేదు. చెప్పేద్దామని రెండుసార్లు నోటిదాకా వచ్చింది. 'మిషను ఆగింది' అని చెప్పగలడు. 'బిళ్ళ పైకి పెట్టింది నేను' అన్నది మాత్రం నాలుక మీదికి రాలేదు. మొదటిది పొరపాటు, ఊరు క్షమిస్తుంది. రెండోది చెబితే సుంకప్ప చెయ్యి అన్న పేరే ఉండదు. అట్లా రేపు, ఎల్లుండి అనుకుంటూ ఉగాది దగ్గరికి తెచ్చాడు.

ఉగాది ముందు వారం చౌడేశ్వరి అతన్ని లోపలికి పిలిచింది. కళ్ల కింద నల్లబడి ఉంది.

"అన్నా, నువ్వు పనోడివి. పుస్తకాలు చదివినోళ్లు అందరూ చెప్పినారు, ఇంక నువ్వు చెప్పు. నా చెయ్యి చూడు. యాడ తప్పు పోతాందో చెప్పు."

"నాకేం తెలుస్తాది పాపా నీ పని?"

"పని తెలియకున్నా చెయ్యి తెలుస్తాది. అతుకు పెట్టేవాని చెయ్యి చూసి, కారుతాదో లేదో ముందే చెప్తావంట గదా. చూడన్నా."

అద్దం తలుపు వెనక ఆమె పనికి కూర్చుంది. సుంకప్ప ఇవతల నిలబడ్డాడు. చేతి తొడుగులు వేసుకుంది. నీలం డబ్బాలోంచి ఒక గొట్టం తీసి ఐసులో నిలబెట్టింది. కరిగాక కుదపకుండా, వేలి కొసతో ఒకే ఒక్కసారి తట్టింది. పళ్లెం మూతను కావలసినంతే ఎత్తి, బొట్టును గోడ వెంట జారవిడిచింది. తొందర లేదు, తడబాటు లేదు. మోచెయ్యి దేనికీ తగల్లేదు. మగ్గం పన్నె మీద దారం చూసుకునే నేతగాళ్ల ఓపిక ఆ వేళ్లలో ఉంది. తిప్పయ్య బతికి ఉంటే ఈ చేతిని చూసి తలూపేవాడు. ఆయన తలూపడం సుంకప్ప తన జన్మలో అరుదుగా చూశాడు.

ఆ చెయ్యి అంత జాగ్రత్తగా పోస్తున్నది చచ్చిన నీళ్లు.

"చెప్పన్నా" అంది ఆమె బయటికి వచ్చి.

"నీ చేతిలో తప్పు లేదు పాపా."

"నా మనసు నొచ్చుకుంటాదని చెప్తాండావు."

"నేను అట్ల చెప్పేవాణ్ణి కాదు. నీకు తెల్సు."

"మరి ఎందుకు చస్తాండాయి?" ఆమె చేతి తొడుగులు లాగి పారేసింది. "పండగైనంక ఈ పని ఇంకొకరికి ఇస్తారంట. నన్ను కంప్యూటరు పనికి మారుస్తారంట. సారు మాట కాదన్నా... రాత్రి గోరింటాకు పెట్టుకుందామని కూచుంటే, నా చేతులు చూసుకునేకే నాకు అసహ్యమైతాంది."

సుంకప్ప నేల వైపు చూశాడు. "పనుండాది" అని చెప్పి బయటికి వచ్చేశాడు. స్కూటరు తాళం కోసం జేబులు తడుముకుంటే తాళం చేతిలోనే ఉంది.

ఇంట్లో అన్నం ముందు కూర్చుని వేళ్లతో గెలుకుతున్నాడు. భార్య మారెక్క పక్కన నిలబడి చూసి చూసి "ఏం, ముద్దలో యాడన్నా లీకేజీ ఉండాదా?" అంది. అతను నవ్వలేదు. "దసరా కాడి నుంచి చూస్తాండా, తేలు కుట్టిన దొంగ మాదిరి తిరుగుతాండావు. ఏమైంది చెప్పు."

చెప్పాడు. ప్రోటీను గురించి ఆమెకు అంతగా తెలియలేదు. బిళ్ళ సంగతి మాత్రం ఒక్క ముక్కలో అర్థమైంది.

"ఆపింది నువ్వు. పైకెత్తి పెట్టింది నువ్వు. పాపాన్ని తీసుకపోయి ఆ బిడ్డ చేతులకు అంటిచ్చినావు."

"తెల్సులేవే."

"తెలిసి ఇన్నాళ్లా? నీకు ఏం పోతాదని?"

"పేరు."

"నీ పేరు కోసం ఆ పిల్ల పేరు తీసినావు. ఇంకేం, తిను" అని మజ్జిగ గ్లాసు ఠపీమని పెట్టి వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున ల్యాబు తెరవగానే అతను అక్కడ ఉన్నాడు. దారిలో అతనికి ఒక ఉపాయం తోచింది. గ్లాసు తీసి ఐసు కరిగించి బిళ్ళను ముంచేస్తే చాలు. కరెంటు పోయిందనుకుంటారు. ఉన్నదంతా పారేసి కొత్త సీసా తెప్పిస్తారు. కణాలు పెరుగుతాయి. ఎవరి పేరూ పోదు. కొళాయి కింద గ్లాసు పట్టుకున్నాడు. ఐసు కరిగి బిళ్ళ పక్కకు ఒరిగి, బుడుంగున అడుక్కు పోయింది.

అప్పుడే తలుపు తోసుకుని చౌడేశ్వరి వచ్చింది.

"అయ్యో! మునిగిందా అన్నా? రాత్రి కరెంటు పోయిందా?"

తల ఊపితే చాలు. అబద్ధం కూడా అతను ఆడనక్కరలేదు, ఆమే తెచ్చి చేతిలో పెట్టింది. కానీ ఆమె తర్వాతి మాట అతన్ని ఆపింది. "పోనీలే. ఎట్లాగూ నా చేతికి రాని పనే. వచ్చేవాళ్లన్నా కొత్త సీసాతో మొదలుపెడ్తారు."

బిళ్ళ ఇవాళ మునిగితే ఇవాళ చెడిందనే లెక్క. దసరా నుంచి జరిగిన తప్పంతా ఆమె చేతుల మీదే ఉండిపోతుంది, జన్మంతా.

"కరెంటు పోలేదు" అన్నాడు సుంకప్ప.

"మరి?"

"ఇప్పుడు నేనే ముంచినా. ఇది మునిగింది దసరాకు. ఆయుధపూజ అని చిన్న ఫ్రీజరు గూడా ఆపినా. దశమి పొద్దున వచ్చి చూస్తే లోపలంతా నీళ్లు. నీ నీలం డబ్బా గూడా. మళ్లా గడ్డకట్టించి, బిళ్ళ తీసి పైన పెట్టినా."

చౌడేశ్వరి అతని చేతిలోంచి గ్లాసు తీసుకుని బల్ల మీద పెట్టింది. ఆమె ఏడుస్తుందనుకున్నాడు. ఏడవలేదు.

"ఆపినందుకు నేనేమీ అననన్నా. మా నాయన గూడా ఆ దినము మగ్గం ఆపుతాడు. మగ్గం ఆపితే పట్టు చెడదు, ఇది చెడ్తాది. అది నీకు తెలీదు, నేను చెప్పలేదు. కానీ బిళ్ళ ఎందుకు పెట్టినావు?"

సుంకప్ప కారుతున్న కొళాయి కట్టేశాడు.

"అడిగినా గదా, ఎందుకు పెట్టినావు? నిన్న నా చెయ్యి చూడమన్నప్పుడన్నా చెప్పొచ్చు గదా! అద్దం అవతల నిలబడుకొని చూసినావే!" ఇప్పుడు ఆమె గొంతు లేచింది. "నేను రోజూ పొద్దున ఆ బిళ్ళను చూసి, తప్పు నాదే అనుకుంటాంటి."

"నా పేరు పోతాదని" అన్నాడు అతను చివరికి.

"సారుకు నువ్వే చెప్పు" అంది. మొహం తిప్పుకుంది.

చెప్పాడు. జయరామయ్య సారు మొదట "ఆపమని నీకెవరు చెప్పినారు?" అని గట్టిగానే అన్నాడు. ఆ తర్వాత కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టి మాటలు వెతుక్కున్నాడు. చెయ్యే కదా మిగిలింది అన్నది తను. ఆయన ఆ సంగతి పైకి అనలేదు. ఫ్రీజరులోవన్నీ పారేయమని, కొత్త సీసా తెప్పించమని, పని చౌడేశ్వరి దగ్గరే ఉంటుందని చెప్పి లేచాడు. సుంకప్పను ఇక రావద్దన్నాడు.

తాళాలు బల్ల మీద పెట్టే ముందు సుంకప్ప చిన్న ఫ్రీజరు తలుపు రబ్బరు మార్చాడు. ఎవరూ చేయమనలేదు, వద్దనీ అనలేదు. పోతుంటే చౌడేశ్వరి బిళ్ళను తెచ్చి అతని చేతిలో పెట్టింది.

కాలేజీ వాచ్‌మన్ నోటి నుంచి సంగతి పాతూరుకు చేరడానికి ఎంతసేపు? "ఏం సుంకప్పన్నా, మా ఫ్రిజ్జుకు గూడా పండగ సెలవు ఇస్తావా?" అని టీ బంకు దగ్గర ఆటపట్టించారు. అతను టీ తాగి గ్లాసు పెట్టి వచ్చేవాడు. పని మాత్రం ఎప్పటిలాగే చేశాడు. ఎండాకాలం ముదిరాక ఒక మధ్యాహ్నం ఫోన్ మోగింది.

"కొత్త సీసా వచ్చింది. పెరుగుతాండాయి" అంది చౌడేశ్వరి.

"చల్లగా ఉండు పాపా" అనేలోపే అటువైపు పెట్టేసింది. చేతిలో ఉన్న రాగి గొట్టాన్ని అతను చాలాసేపటిదాకా కింద పెట్టలేదు.

మళ్లీ దసరా వచ్చింది. షెడ్డులో గుడ్డ పరిచి పనిముట్లన్నీ పెట్టాడు. గ్యాసు మంట గొట్టం, పానాలు, స్క్రూడ్రైవర్లు. అన్నిటికీ కుంకుమ పెడుతున్న మారెక్క అరుగు మీద ఒంటరిగా ఉన్న పది రూపాయల బిళ్ళను చూసింది.

"దీనికి పెట్టేదా, వద్దా?"

"పెట్టు. తప్పు దానిది కాదు గదా."

కొబ్బరికాయ కొట్టి హారతి ఇచ్చాక ఫోన్ వచ్చింది. చౌడేశ్వరి. ఈసారి ఆమె సెలవుకు పోలేదు.

"పెద్ద ఫ్రీజరు గుర్రుమంటాంది, చలి నిలబడటం లేదు. కొత్త మెకానిక్కుకు ఫోన్ చేస్తే పండగ, రేపు వస్తానన్నాడు. నువ్వు గూడా పానా పట్టవు గదా ఈ దినము. మీ మిషన్లకు పండగ, మా కణాలకు చావు."

సుంకప్ప గుడ్డ వైపు చూశాడు. తిప్పయ్య దగ్గర చేరిన నాటి నుంచి మహర్నవమి నాడు పూజలో పెట్టిన పనిముట్టు మీద చెయ్యి వేసి ఎరగడు.

"వస్తాండా" అన్నాడు.

వంగి పానాలు ఏరుతుంటే మారెక్క గుండె మీద చెయ్యి పెట్టుకుంది. "కదిలించకుండానే తీస్తావా? మేస్త్రీ ఉంటే కొట్టేవాడు!"

"కొట్టనీ."

ఆమె హారతి పళ్లెం పక్కకు జరిపి దారి ఇచ్చింది.

అతను వెళ్లేసరికి చౌడేశ్వరి డబ్బాలన్నీ ఐసు పెట్టెలోకి మార్చి, దాని మీద చెయ్యి వేసి కూర్చుని ఉంది. స్క్రూడ్రైవర్ మొన కంప్రెసర్ మీద పెట్టి విన్నాడు. దానికేం కాలేదు. లోపలి ఫ్యాను మంచు పట్టి ఆగిపోయింది, ఒక తీగ కాలింది. విప్పాడు, ఆరబెట్టాడు, తీగ మార్చాడు. పానాల కుంకుమ చెమటకు కరిగి అరచేతులు ఎర్రగా అయ్యాయి. ఆమె ఆ చేతులనే చూస్తోంది. పని చేసినంతసేపూ పక్కనుంచి కదల్లేదు. అంతకుముందు ఆమె అట్లా కాపలా కాసేది కాదు. అది తనకు తగినదేనని సుంకప్ప తల వంచుకుని బోల్టులు బిగించాడు.

ఫ్రీజరు చల్లబడింది. డబ్బాలు లోపలికి పోయాయి. చౌడేశ్వరి చిన్న గ్లాసులో కాసిని నీళ్లు పోసి, తన పర్సులోంచి ఒక బిళ్ళ తీసింది. అలవాటుగా అతని చెయ్యి ముందుకు పోయింది.

"నేను పెడ్తాలే అన్నా."

చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. పనిముట్లు సంచిలో సర్దుకున్నాడు. సంచి భుజాన వేసుకుంటుంటే ఆమె రెండో స్టూలును కాలితో ముందుకు జరిపింది.

"గడ్డకట్టేదాకా కూచో. నువ్వు గూడా చూడు."

కూర్చున్నాడు. ఇద్దరి మధ్యా ఫ్రీజరు సన్నగా మోగుతోంది. కిటికీ అవతల ఎండ మెల్లగా వాలుతోంది. ఇంతకుముందొకసారి ఇదే చోట, ఇట్లాగే, నీళ్లు ఐసు అయ్యేదాకా అతను కాచుకుని కూర్చున్నాడు. ఈసారి బిళ్ళ ఆమె చేతిలో ఉంది.